మాట దూరని చెవిమిషన్

చూడకుండా సామాను కొనడం ఫోన్లతోనే మొదలైందని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. మొన్న మా మేనకోడలు ఫోన్‌లో బూట్లు తెప్పించుకుంది. పెట్టె మీద గొప్ప కంపెనీ పేరు ఉంది. బూటు మాత్రం మూడో రోజే నోరు తెరిచింది. ఎవరికి ఫోన్ చేసినా ఒకటే జవాబట. "అమ్మినోన్ని అడగాలెనట మామా. వాళ్ళు ఉత్త మధ్యలోటోళ్ళట. పెట్టె ఇచ్చుడే వాళ్ళ పనట" అని నా ముందు విసుక్కుంది.

నేను తల దించుకున్నాను. ఎందుకంటే ఆ మాట నేను చెప్పినన్ని సార్లు ఏ కంపెనీ వాడూ చెప్పి ఉండడు.

మా కాలంలో దాన్ని వీపీపీ అనేవాళ్ళం. పత్రికలో ప్రకటన చూసి ఒక కార్డు రాసి పడేస్తే ఎక్కడో దూరపు ఊరి నుంచి సామాను పోస్టులో వచ్చేది. మా కౌంటర్ దగ్గర డబ్బు కట్టి పార్సిల్ విడిపించుకోవాలి. ఆ డబ్బును మేం మనియార్డర్ చేసి పంపినవాడికి చేర్చేవాళ్ళం. షరతు ఒక్కటే. డబ్బు కట్టకముందు పెట్టె విప్పకూడదు, విప్పిన తర్వాత తిరిగి తీసుకోం.

నేను పనిచేసింది చంద్రపూర్‌లో, బొగ్గు గనుల కార్మికులు ఎక్కువగా ఉండే వైపు, రెండు గదుల పోస్టాఫీసులో. కిటికీ చెక్కను పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ నల్లగా అయ్యేది. లక్క కాగిన వాసన, తడిసిన గోనె సంచుల వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా లక్క వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. మేం సీళ్ళు వేసేది సరిగ్గా భోజనాల వేళకు ముందే మరి.

మా పోస్ట్‌మాస్టర్ మరాఠీ పెద్దమనిషి. రిటైర్‌మెంటుకు దగ్గర పడ్డాడు. ఏది అడిగినా "నియమ్ మ్హణ్‌జే నియమ్" అనేవాడు. నియమమంటే నియమమే, దాని మీద మాట్లాడేదేం లేదు అని. పోస్ట్‌మన్ అన్న విసాపూర్ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. తెలుగువాడే. ఖాళీ దొరికితే ఎవరిదో ఒకరి రేడియో విప్పుకుని కూర్చునేవాడు. మా ఆఫీసులో ఉత్తరాల కంటే స్క్రూలే ఎక్కువ పోయేవి.

ఇక నేను. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నా చదువంతా మరాఠీలో సాగింది. తెలుగు అక్షరాలు మాత్రం అమ్మ ఇంట్లో వారపత్రిక ముందు పెట్టి నేర్పింది. అందుకని మా కౌంటర్‌కు తెలుగు చదవగలిగిన గుమాస్తాను నేనొక్కణ్ణే. బాబుపేట్ నుంచి, కాలనీల నుంచి తెలుగువాళ్ళంతా ప్రకటన కత్తిరించిన కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

దేశం తలుపులు తెరిచిందని, ఇక ఫారిన్ సరుకంతా మన వాకిట్లోకే వస్తుందని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. చేతి గడియారాలు, దుర్భిణులు, కెమెరాలు, బట్టతల మీద వెంట్రుకలు మొలిపించే నూనెలు. నేను ఇంగ్లీషులో ఆర్డరు కార్డు రాసిచ్చేవాణ్ణి. పార్సిల్ వచ్చినప్పుడు వాళ్ళు ఇంటిదాకా ఆగలేక మా మెట్ల మీదే కూర్చుని విప్పేవాళ్ళు. తాడు కోయడానికి నా బ్లేడే అడిగేవాళ్ళు. ఆ ముఖాలు చూస్తే ఆ సామాను నేనే తయారుచేసి పంపినంత గర్వంగా ఉండేది నాకు.

కొన్నాళ్ళకు మెట్ల మీది ముఖాలు మారాయి. గడియారం నాలుగో రోజు ఆగిపోయింది. కెమెరాలో రీలు తిరగదు. పెట్టె మీద పేరు ఏదైనా, లోపల ఉన్నది మాత్రం ఎవరో ఏ మూలనో అతికించిన బొమ్మ. జనం నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నేను మా పోస్ట్‌మాస్టర్ దగ్గర నేర్చుకున్న జవాబే చెప్పేవాణ్ణి: "మేం పెట్టె ఇచ్చెటోళ్ళం. లోపట ఏమున్నదో మాకేం ఎరుక?"

అన్నీ ఒకే చోటు నుంచి వస్తున్నాయని మొదట పట్టుకున్నది పోస్ట్‌మన్ అన్న. "తమ్మీ, గీ అడ్రస్ నుంచి వచ్చే మాల్ మంచిగ లేదు. పేరు పెద్దగున్నది గని అంతా నకిలీ. కార్డు రాసేటప్పుడు జర చెప్పు జనానికి" అన్నాడు. అలాగేనన్నాను. చెప్పలేదు. చెబితే కార్డు రాయించుకునేవాళ్ళు తగ్గుతారు. వాళ్ళతో పాటు నా పెద్దరికమూ తగ్గుతుంది. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

ఒకరోజు బాబుపేట్ నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయన పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో డ్రిల్లర్. బొగ్గు పేల్చడానికి ముందు రాయికి రంధ్రాలు వేసే మిషన్ మీద పని. యాభై దగ్గర పడ్డ మనిషి. ఆమె చేతిలో పత్రిక ముక్క ఉంది. దాని మీద చెవిమిషన్ బొమ్మ. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డబ్బా, దానికి ఒక తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే బిళ్ళ. జేబులో వేసుకుని తిరిగే రకం.

"గిది సదువు బిడ్డా జర. మా ఆయనకు ఇనపడ్తలేదు. జోర్ల ఒర్లితెనే ఇంటడు" అంది.

"గని దవాఖానల చూపెట్టుకోరాదు చిన్నమ్మా? అక్కడ పైసల్ గూడ అడగరు."

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆడ చూపెడితె పేరు రాసుకుంటరు. డ్రిల్లు మీదికెంచి తీసేస్తరట. ఇరవై ఏండ్ల సంది దాని మీద్నే ఉన్నడు. అది తీసేస్తె మనిషి ఖతమైతడు."

ఆయనకు మా మాటలు వినబడటం లేదు. మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. విషయం అర్థమైందనుకుని, చెవిటివాళ్ళకు తమ గొంతు తమకు తెలియదు కదా, ఆఫీసంతా అదిరేట్టు అన్నాడు: "బొగ్గు మోసే డంపర్ లారీ ఎనకకొచ్చినా తెలుస్తలేదు తమ్మీ!"

లైన్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆమె గబుక్కున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ తర్వాత నన్ను అడిగింది: "మంచిదేనా బిడ్డా గీ మిషిని? నువ్వు మంచిదంటెనే పెట్టిస్త."

ప్రకటన కింద అడ్రసు చూశాను. అదే అడ్రసు. పోస్ట్‌మన్ అన్న చెప్పింది గుర్తొచ్చింది. ఆమె నా ముఖంలోకి అంత నమ్మకంగా చూస్తుంటే నాకు తెలియదనో, వద్దనో చెప్పడం చిన్నతనం అనిపించింది. "ఫారిన్ కంపెనీది చిన్నమ్మా. పేరున్నది. ఏం పర్వా లేదు, తెప్పిచ్చుకో" అన్నాను. కార్డు నేనే రాశాను. నా చేతిరాత అప్పట్లో ముత్యాల్లా ఉండేది.

పార్సిల్ వచ్చింది. వాళ్ళు విప్పి లోపలి కాగితం నాకిచ్చారు. హిందీలో, ఇంగ్లీషులో ఉంది. మొదటి నెల రోజులు చెవిలో గుయ్‌మనే శబ్దం వస్తుంది, అది నరాలు మేలుకుంటున్నాయనడానికి గుర్తు, మిషన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు అని రాసి ఉంది. చదువుతున్నప్పుడే నాకు ఎక్కడో కొంచెం గుచ్చుకుంది. నరాలు గుయ్‌మంటూ మేలుకుంటాయా? అయినా పురాణం చెప్పినట్టు వరస తప్పకుండా చదివి తెలుగు చేసి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచి మరీ చెప్పాను. "నెల దినాలు తియ్యద్దు కాకా!" ఆయన చంటిపిల్లాడిలా తల ఊపాడు.

రెండు వారాలు దాటాక ఒక పొద్దున ఆమె ఒక్కతే వచ్చింది. లైన్లో నిలబడింది. వంతు రాగానే పాత గుడ్డలో చుట్టిన మిషన్‌ను కౌంటర్ మీద పెట్టింది.

"డంపర్ కాలు మీదికెంచి పోయింది బిడ్డా."

నేను గుడ్డ మడత విప్పి మిషన్ చూశాను.

"ఎనకకొస్తుంటె అందరు ఒర్లిన్రట. హారన్ గొట్టిన్రట. పక్కోడు గుంజిండు గాబట్టి పానం దక్కింది. ఎడమ కాలి ముందటి భాగం నుజ్జయింది. గిది పెట్టుకోకముందు హారన్ అన్న జర ఇనపడేది. పెట్టుకున్నంక గుయ్ మనుడే. తీసెయ్యి అంటె తియ్యలే. 'పోస్టాఫీసుల పిలగాడు సదివి చెప్పిండు, నెల దినాలు తియ్యద్దు' అన్నడు."

ఆమె తిట్టలేదు. తిడితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది, పెట్టె ఇవ్వడమే మా పని అని. తిట్టకుండా చెప్పిన మాటకు అది పనికిరాలేదు.

పోస్ట్‌మన్ అన్న మిషన్ తీసుకుని, చిన్న స్క్రూ డ్రైవర్‌తో విప్పాడు. లోపల బొమ్మ కారులో ఉండేలాంటి చిన్న బిళ్ళ ఒకటి, గుయ్‌మనడానికి. బరువు కోసం సీసం ముక్క ఒకటి. బయట, మాట లోపలికి పోవడానికని చూపించిన సన్నటి జల్లెడ వంటి రేకు ఉత్తగా అతికించినది. గోటితో గీకితే ఊడి వచ్చింది. దాని వెనక రంధ్రం కూడా లేదు.

"చూసినవా తమ్మీ, మాట లోపటికి పోయే తొవ్వనే లేదు" అన్నాడు అన్న.

ఆ వారమంతా నేను అన్నం సరిగ్గా తినలేదు. బీరువాలో పడి ఉన్న పాత నియమాల పుస్తకాలన్నీ కిందికి దించాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. ఒక పుస్తకంలో, చెదలు అంచులు తిన్న పేజీలో దొరికింది. వీపీపీలో మోసం జరిగిందని తీసుకున్నవాడు వెంటనే రాసిస్తే, సొమ్ము పంపినవాడికి చేరకముందే పోస్టాఫీసు దాన్ని ఆపి, పైవాళ్ళ విచారణకు పంపవచ్చు. మోసమని తేలితే కొన్నవాడికే తిరిగి ఇవ్వవచ్చు.

పుస్తకం పట్టుకుని పోస్ట్‌మాస్టర్ ముందు నిలబడ్డాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. పేజీ తిప్పి వెనక వైపు కూడా చూశాడు, రద్దు చేసినట్టు ఎక్కడైనా ఉందేమోనని. "ఇన్నేళ్ళ సర్వీసులో ఈ పేజీ నేను విప్పనే లేదు" అన్నాడు మరాఠీలో. పుస్తకం మూసి బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "నియమ్ మ్హణ్‌జే నియమ్!"

ఆ మాట విని నేను సంతోషపడింది అదొక్కసారే.

కొద్ది రోజుల్లో అదే అడ్రసు నుంచి ఏడు చెవిమిషన్లు వచ్చాయి. తెప్పించుకున్నవాళ్ళను పిలిచి, డబ్బు కట్టించుకుని, పోస్ట్‌మాస్టర్ ఎదుటే విప్పించాం. ఏడింటిలోనూ అదే గుయ్. ఏడుగురి చేతా నేను ఫిర్యాదు రాయించాను. సొమ్ము పంపకుండా ఆపి, కాగితాలు పైఆఫీసుకు పంపాం.

సొమ్ము అందకపోయేసరికి నాగపూర్ నుంచి వాళ్ళ ఏజెంటు దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు సంచి, నోట్లో తీయటి హిందీ. "మీరు డాకఖానా వాళ్ళు. మీ పని పెట్టె ఇవ్వడం. పెట్టెలో ఏముందో మీకెందుకు సాబ్?" అన్నాడు.

నా మాటే. అక్షరం తేడా లేదు. ఎదుటివాడి నోట్లోంచి వింటే అదెంత ఘోరంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

పోస్ట్‌మాస్టర్ కోప్పడలేదు. కుర్చీ వేయించాడు. చాయ్ తెప్పించాడు. తర్వాత ఏడింటిలో ఒక మిషన్ తీసి ఏజెంటు చేతికిచ్చి, "మంచిదే అంటున్నారు కదా, మీరే పెట్టుకోండి. రెండో చెవి అరచేత్తో గట్టిగా మూసుకోండి" అన్నాడు. మనిషి నవ్వాడు. చుట్టూ జనం ఉన్నారు, పెట్టుకోక తప్పలేదు. అతను వస్తున్నట్టు ముందే కబురు రావడంతో డ్రిల్లర్ భార్యను ఆ రోజు మేమే సాక్ష్యానికి పిలిచాం. పోస్ట్‌మాస్టర్ ఆమెను ఏజెంటు కుర్చీ వెనక నిలబడి మెల్లగా ఏదైనా అడగమని సైగ చేశాడు.

ఆమె బజారు హిందీలో అడిగింది, "అయ్యా, మీ ఇంట్లో ఎవరికైనా ఇది పెట్టారా?" అని.

లైన్ చివర ఉన్న ముసలాయనకు కూడా వినబడింది. ఏజెంటు మాత్రం నవ్వు ముఖంతో అలాగే కూర్చున్నాడు.

"ఏమంది?" అన్నాడు పోస్ట్‌మాస్టర్, కాగితం మీద రాసి చూపిస్తూ.

"సెల్లు వీక్ అయింది సాబ్."

పోస్ట్‌మన్ అన్న జేబులోంచి కొత్త సెల్లు తీసి వేశాడు. గుయ్ ఇంకా పెద్దదైంది. మనిషి ముఖం చిట్లించాడు. ఆమె మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఎవరూ నవ్వలేదు. ఆయన మిషన్ పీకి బల్ల మీద పడేసి, చెవి రుద్దుకుంటూ కోర్టు అన్నాడు, పైవాళ్ళు అన్నాడు. "సరే, ముందు ఇది పెట్టుకుంటే ఆమె మాట వినబడిందని ఇక్కడ రాసి సంతకం పెట్టండి" అని పోస్ట్‌మాస్టర్ తెల్లకాగితం ముందుకు జరిపాడు. ఏజెంటు సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. చాయ్ అలాగే ఉండిపోయింది.

ఏడుగురికీ కొన్ని నెలల తర్వాత సొమ్ము తిరిగి వచ్చింది. డ్రిల్లర్ సొమ్ము మాత్రం అంతకు ముందే వెళ్ళిపోయింది కాబట్టి రాలేదు. ఆ దుకాణం మూతపడింది. ఏడాది తిరక్కుండా ఇంకో ఊరి నుంచి, ఇంకో పేరుతో పార్సిళ్ళు మొదలయ్యాయి. లోపలి కాగితం మాత్రం పాతదే, ముద్రణలో చెరిగిన అక్షరాలతో సహా. వాటినీ ఆపాం. ఆ తర్వాత ఇంకో పేరు. నేను రిటైరయ్యేదాకా వాళ్ళు పేర్లు మారుస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఫోన్లలోకి వచ్చారని మా మేనకోడలు చెబితే నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఇవన్నీ నేను చాలామందికి చెప్పుకున్నాను, ఎక్కువగా ఏజెంటు చెవి రుద్దుకున్న ముచ్చటే. చెప్పుకోనిది ఒకటుంది.

ఏజెంటు వెళ్ళిన రోజు సాయంత్రం నేను గని దవాఖానకు వెళ్ళాను. డ్రిల్లర్ కాకా మంచం మీద ఉన్నాడు. కాలికి పెద్ద కట్టు. మూడు వేళ్ళు తీసేశారు. పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పాను. "కాకా, ఆ అడ్రస్ మంచిది కాదని నాకు ముందే ఎరుకనే. పోస్ట్‌మన్ అన్న చెప్పిండు. అయినా మంచిదన్న. తప్పు నాది." ఆయన నా ముఖంలోకి చూసి, తల ఊపి, నా చేతి మీద చెయ్యి వేశాడు. నేను తేలికపడి లేచి వచ్చాను. ఆయనకు ఒక్క ముక్క కూడా వినబడి ఉండదని నాకు తెలుసు. వినబడేంత గట్టిగా నేను చెప్పలేదు. ఆ వార్డులో ఇంకా పదిమంది ఉన్నారు మరి.

నెలలు గడిచాయి. దవాఖానవాళ్ళే ఆయన చెవులు పరీక్షించి అసలైన మిషన్ ఇప్పించారు. డ్రిల్లు మీది నుంచి తీసేశారు గానీ, స్టోరులో పని ఇచ్చారు. ఏ పరీక్షకు భయపడి ఇంత తెచ్చుకున్నాడో ఆ పరీక్షతో ఉద్యోగం పోలేదు. ఒక మధ్యాహ్నం కర్ర ఊతంగా కుంటుకుంటూ పోస్టాఫీసుకు వచ్చాడు. నేను ముద్ర కొడుతున్నాను.

"అబ్బ, మీ ఆఫీసుల గింత లొల్లి ఉంటదా!" అన్నాడు. గొంతు మామూలుగా ఉంది. ఆయన మామూలు గొంతు నేను వినడం అదే మొదలు.

బెంచీ మీద కూర్చున్నాక మిషన్ సరిచేసుకుని నా వైపు తిరిగాడు. "ఆ దినం దవాఖానల ఏందో చెప్పినవ్ బిడ్డా. నాకు ఇనపడలే. ఏదో మంచి మాటనే అనుకోని తల ఊపిన. ఇప్పుడు చెప్పు."

ముద్ర పక్కన పెట్టాను. లైన్లో ఇద్దరున్నారు. పోస్ట్‌మాస్టర్ లోపల ఉన్నాడు. ఈసారి అందరికీ వినబడేట్టు చెప్పాను, అడ్రసు సంగతి, అన్న హెచ్చరిక సంగతి, అన్నీ. కాకా చాలాసేపు కర్ర కొన వైపే చూశాడు.

"మా ఆమెకు చెప్పినవా?"

"లేదు కాకా."

"చెప్పు పో. పత్రిక తెచ్చింది తానే, పెట్టుకో అన్నది తానే అని రోజు ఏడుస్తది. నేను ఎంత చెప్పినా ఇంటలేదు. నువ్వు చెప్తె ఇంటది."

డ్యూటీ దిగగానే బాబుపేట్ వెళ్ళాను. ఆమె వాకిట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నిలబడే చెప్పాను. ఆమె చేట మీద చెయ్యి ఆగిపోయింది. గొంతు పెంచుతుందేమోనని చూశాను. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టి, తల ఎత్తకుండా అంది:

"తెల్వదు అంటె అయిపోవు గద బిడ్డా. నేను ఇంకెవలనన్న అడుగుదును."

కూర్చోమనలేదు. మంచినీళ్ళు ఇవ్వలేదు. అందులో తప్పేమీ లేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు అదే కౌంటర్ మీద కూర్చున్నాను. కార్డులు రాశాను, కాగితాలు చదివి పెట్టాను. ఎవరైనా ప్రకటన చూపించి మంచిదేనా అని అడిగితే "తెల్వదు" అనేవాణ్ణి. అనుమానం ఉంటే అనుమానం ఉందనేవాణ్ణి. బాబుపేట్‌లో నాకు పేరు పడిపోయింది: పోస్టాఫీసుల ఒకడుంటడు, ఏదడిగినా తెల్వదంటడు, ఏం గుమాస్తానో ఏమో అని. పోస్ట్‌మన్ అన్న ఆ మాట మోసుకొచ్చి నవ్వేవాడు. నేను కూడా నవ్వేవాణ్ణి. రిటైరైన రోజు దండ వేస్తూ కూడా ఎవరో అదే అన్నారు.